సూర్యకుమారి గొంతు ఉన్న పాత ప్లేటు దొరికితే

గాయని టంగుటూరి సూర్యకుమారి అనగానే ‘మా తెలుగు తల్లికి’ ఒక్కటే గుర్తొస్తుంది చాలామందికి. ఆవిడ పాడిన గ్రామఫోన్ ప్లేటు మీ అటక మీద దొరికితే ముందు స్పిరిట్ సీసా పక్కన పెట్టేయండి. మా తాతయ్య ప్లేటొకటి నేను స్పిరిట్‌తోనే తుడిచాను. గుడ్డకి నల్లగా అంటుకుంది, మసి అనుకున్నాను. కాదు, ప్లేటే! 78 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 78 సార్లు తిరిగే) ప్లేట్లలో లక్క ఉంటుంది, స్పిరిట్‌కి కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తటి గుడ్డ తడిపి, గాడి వెంబడే తుడవండి. లేబుల్ తడవకూడదు.

గ్రామఫోన్ మీద ఇనుప ముల్లుతో మోగించాలని సరదా పుడుతుంది. వద్దు, గాడి అరిగిపోతుంది. 78కి సరిపోయే వెడల్పు ముల్లున్న టర్న్‌టేబుల్ మీద ఒక్కసారి తిప్పి, కంప్యూటర్‌లోకి 24 బిట్ వేవ్ ఫైలుగా (నాణ్యత తగ్గని ఆడియో ఫైలు) ఎక్కించుకోండి. గరగర తీసేయాలంటే కాపీలోనే తీయండి. ఎక్కువ తీస్తే గొంతులో ఊపిరి కూడా పోతుంది. లేబుల్ ఫొటో, దాని చుట్టూ చెక్కిన నంబరు ఫైలుతోనే ఉంచండి.

ప్లేట్లు నిలబెట్టే దాచాలి.

వినేటప్పుడు మాత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ప్లేటు ఒక్కో వైపూ మూడు నిమిషాలే కదా, ఫోన్ కాసేపు ఆగుతుంది.