ఏకమితీయ హైడ్రోజన్: శక్తి ఎక్కడా నిలవకుండా దిగిపోతుంటే

హైడ్రోజన్ పరమాణువును ఒకే గీత మీద ఉంచి కంప్యూటర్‌తో లెక్కించేటప్పుడు ఎదురయ్యే చిక్కులు, వాటి పరిష్కారాలు ఇవి.

(శక్తులన్నీ హార్ట్రీలలో, దూరాలు బోర్ వ్యాసార్థాలలో. ఒక హార్ట్రీ అంటే 27.2 ఎలక్ట్రాన్ వోల్టులు.)

సమస్య: గ్రిడ్‌ను (గీత మీద లెక్క కట్టే బిందువుల వరుసను) సన్నం చేసేకొద్దీ గ్రౌండ్ స్టేట్ (అత్యల్ప శక్తి స్థితి) శక్తి దిగుతూనే ఉంటుంది, నిజమైన హైడ్రోజన్ విలువ −0.5 దగ్గర ఆగదు.

కారణం: ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ రాత్రుళ్లు పోగొట్టుకోకండి. తేడా −1/|ఎక్స్| పొటెన్షియల్‌లోనే ఉంది (ఎక్స్ అంటే గీత మీద కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్ స్థానం). మూడు మితుల్లో కేంద్రకం దగ్గరికి వెళ్లేకొద్దీ ఘనపరిమాణం వేగంగా తగ్గి ఆ అనంతాన్ని అదుపు చేస్తుంది. ఒట్టి గీత మీద ఆ అడ్డు లేదు. పొటెన్షియల్‌ను సున్నా దగ్గర కత్తిరించి, ఆ కత్తిరింపును చిన్నది చేస్తూ పోతే శక్తి రుణ అనంతం వైపు జారుతుందని 1959లోనే భౌతిక శాస్త్రవేత్త లౌడన్ చూపించాడు.

పరిష్కారం: −1/ఎస్ వాడండి; ఎస్ = √(ఎక్స్² + 2). దీని గ్రౌండ్ స్టేట్ తరంగ ప్రమేయం (1 + ఎస్) × ఎక్స్‌పొనెన్షియల్(−ఎస్), శక్తి కచ్చితంగా −0.5. రెండుసార్లు అవకలనం చేసి చూడండి, ఎంత ముచ్చటగా కుదురుతుందో! ప్రోగ్రాంను పరీక్షించడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద నాకు తెలియదు. 2 బదులు 1 పెడితే శక్తి సుమారు −0.67 అవుతుంది.

సున్నా దగ్గర తరంగ ప్రమేయాన్ని బలవంతంగా సున్నా చేసినా −0.5, −0.125 వస్తాయి. కానీ అప్పుడు ఎలక్ట్రాన్ కేంద్రకాన్ని దాటలేదు. విద్యుత్ క్షేత్రం పెట్టాలనుకుంటే ఆ దారి వద్దు.

సమస్య: 0.05 పరమాణు ప్రమాణాల స్థిర విద్యుత్ క్షేత్రం (మీటరుకు దాదాపు 2,570 కోట్ల వోల్టులు) పెట్టగానే శక్తి పెట్టె (లెక్క కట్టే గీత భాగం) పొడవుతో మారిపోతోంది.

కారణం: క్షేత్రం ఒకవైపు పొటెన్షియల్‌ను అంతులేకుండా వంచేస్తుంది. పెట్టె అంచు 20 దగ్గరుంటే అక్కడ లోతు −1 దాటుతుంది. ప్రోగ్రాం ఇచ్చే అత్యల్ప శక్తి ఆ మూలలో పేరుకున్న ఎలక్ట్రాన్‌ది, పరమాణువుది కాదు. నిజానికి ఇక్కడ శాశ్వతంగా బంధించి ఉంచే స్థితే లేదు. ఎలక్ట్రాన్ టన్నెలింగ్‌తో (దాటే శక్తి లేకున్నా అడ్డుగోడ గుండా చొచ్చుకుపోతూ) మెల్లగా కారిపోతుంది.

పరిష్కారం: అంచుల్లో ఎలక్ట్రాన్‌ను శోషించే కాల్పనిక (ఇమాజినరీ సంఖ్య) పొటెన్షియల్ చేర్చండి. క్షేత్రం లేనప్పటి గ్రౌండ్ స్టేట్‌తో ఎక్కువగా అతివ్యాప్తి చెందే స్థితిని ఎంచుకోండి. శక్తి సంకీర్ణ సంఖ్యగా వస్తుంది. దాని కాల్పనిక భాగం పరిమాణాన్ని రెట్టింపు చేస్తే అయనీకరణ రేటు. పెట్టె పొడవు, శోషకం బలం మార్చినా ఆ రేటు కదలకపోతేనే నమ్మండి.

సమస్య: లేజర్ పల్స్ లెక్కలో హార్మోనిక్ వర్ణపటం (లేజర్ పౌనఃపున్యపు గుణిజాల వద్ద పరమాణువు వెలువరించే కాంతి) నిండా గజిబిజి.

కారణం, పరిష్కారం: చాలాసార్లు అంచుకు తగిలి వెనక్కొచ్చిన ఎలక్ట్రానే. 800 నానోమీటర్లు, చదరపు సెంటీమీటరుకు 10¹⁴ వాట్లు అయితే ఎలక్ట్రాన్ ఊగిసలాట కంపన పరిమితే దాదాపు 16. శోషకాన్ని దానికి చాలా దూరంగా మొదలుపెట్టండి.