శ్రీహరికోట చూడాలనుకునే చెన్నై తెలుగువారికి

చెన్నైలో స్థిరపడిన తెలుగువారిలో శ్రీహరికోటను ఒక్కసారైనా చూడాలన్న కోరికను చిన్ననాటి నుంచి దాచుకున్నవారు ఎందరో ఉన్నారు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న ఆ దీవిలోని సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం నిషిద్ధ ప్రాంతం కనుక, తెలిసినవారి పేరు చెప్పి గేటు దాటవచ్చునన్న ఆశ పెట్టుకోకండి.

విడిగా వెళ్లేవారికి అనువైన మార్గం, 2019లో ప్రజలకు తెరిచిన ప్రయోగ వీక్షణ గ్యాలరీ. ప్రయోగ తేదీ ఖరారైన తరువాత ఇస్రో ఆన్‌లైన్‌లో నమోదు ప్రారంభిస్తుంది. ప్రసిద్ధమైన ప్రయోగాలకు సీట్లు చాలా త్వరగా నిండిపోతాయి కాబట్టి, కుటుంబంలో అందరి గుర్తింపు కార్డుల వివరాలనూ ముందే దగ్గర పెట్టుకోవాలి. వెళ్లేటప్పుడు అవే కార్డులు వెంట ఉండాలి. అయితే ఇక్కడి నుంచి లాంచ్‌ప్యాడ్‌ల వద్దకు తీసుకువెళ్లరు. కేంద్రం లోపలి భాగాలు చూడదలచిన విద్యార్థుల తరఫున కళాశాలే ముందుగా లేఖ రాసి అనుమతి పొందాలి. తొమ్మిదో తరగతి పిల్లలున్న ఇంటివారు ఇస్రో పాఠశాల విద్యార్థుల కోసం నిర్వహించే యువికా (యువ విజ్ఞాని కార్యక్రమం) శిక్షణ ప్రకటనను గమనిస్తూ ఉండటం మంచిది.

ఏ ప్రయోగాన్ని ఎంచుకోవాలన్న ప్రశ్నకు, అవకాశం దొరికితే ఇస్రో భారీ రాకెట్ ఎల్‌వీఎం-3 అనే చెబుతాను. సుమారు 640 టన్నుల ఆ వాహనాన్ని నేల మీది నుంచి లేపేవి రెండు ఘన ఇంధన బూస్టర్లే. మధ్యనున్న ద్రవ ఇంధన దశ దాదాపు రెండు నిమిషాల తరువాత గాని మండదు. మంట కనిపించినా మోత వెంటనే వినిపించకపోతే కంగారు పడకండి, ధ్వని కిలోమీటరు దూరం రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది.

చెన్నై సెంట్రల్‌ను ఆనుకుని ఉన్న మూర్ మార్కెట్ స్టేషన్ నుంచి సూళ్లూరుపేటకు లోకల్ రైళ్లున్నాయి. అక్కడి నుంచి శ్రీహరికోటకు పులికాట్ మీదుగా దాదాపు 20 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం; శీతాకాలమైతే దారిలో ఫ్లెమింగోలు కనిపించవచ్చు.

అన్నింటికన్నా ముఖ్యంగా, వాయిదాకు సిద్ధపడి వెళ్లాలి. 2019 జూలై 15న చంద్రయాన్-2 ప్రయోగాన్ని 56 నిమిషాల ముందు ఆపివేసి, 22వ తేదీన జరిపారు. 2023 అక్టోబర్ 21న మనుషులను అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కార్యక్రమపు పరీక్షా రాకెట్ కౌంట్‌డౌన్ 5 సెకన్ల వద్ద ఆగిపోయినప్పటికీ, లోపాన్ని సరిదిద్ది అదే ఉదయం 10 గంటలకు ప్రయోగించారు. కాబట్టి ప్రయోగం ఆగిందన్న మాట వినగానే లేచి వెళ్లక అధికారిక ప్రకటన వచ్చేదాకా కూర్చోండి. ఆనాటి రాత్రికే దూరప్రయాణపు టికెట్టు మాత్రం తీసుకోకండి.