జిల్లా పేజీ మరీ చెత్తగా వస్తోందా? ఇలా చేయండి

ఊళ్లో నీళ్లు రాని సంగతి ఉండదు గానీ నాయకుడి బర్త్‌డే ఫొటోలు మాత్రం అరపేజీ, దానికి పేపర్ బాయ్ మీద అరిస్తే ఏం లాభం చెప్పండి. ముందు ఆ క్లిప్పింగ్ కట్ చేసి డేటు, ఎడిషన్ పేరు రాసిపెట్టుకోండి. ఎడిటర్ పేరు పేపర్లోనే ఎక్కడో చిన్నక్షరాల్లో ఉంటుంది, వెతికి ఆయనకే రాయండి, తప్పు ఏ లైన్లో ఉందో, నిజం ఏంటో రెండు ముక్కల్లో, తిట్లు మాత్రం వద్దు (తిడితే నేరుగా చెత్తబుట్టకే). తప్పుడు వార్తో, డబ్బులకి రాసిందో అయ్యుండి ఎడిటర్ కూడా పట్టించుకోకపోతే ఢిల్లీలో పేపర్ల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కి కంప్లయింట్ పెట్టొచ్చు, దినపత్రికైతే అచ్చైన 2 నెలల్లోపే పెట్టాలి. ఫైన్ వెయ్యలేరు లెండి, మందలిస్తారంతే. అక్షరదోషాలకి అంత దూరం వద్దు, ఏజెంట్‌కి చెప్పి వచ్చే నెల నుంచి పేపర్ ఆపేయండి, ఎందుకు ఆపారో కూడా చెప్పండి.