బస్సు లేకుండా రామప్ప గుడికి: క్లాసులోనే ఫీల్డ్ ట్రిప్

వర్చువల్ ఫీల్డ్ ట్రిప్ అంటే యూట్యూబ్ వీడియో ఒకటి పెట్టేసి మనం కుర్చీలో కూర్చోవడం కాదండీ, అలా చేస్తే పది నిమిషాలకే వెనక బెంచీ నిద్రపోతుంది. ముందు ఒకే ఒక్క చోటు ఎంచుకోండి. నేనైతే కాకతీయుల పాఠం అప్పుడు పాలంపేట రామప్ప గుడి తీసుకుంటా.

ముందురోజే మీరొక్కరే గూగుల్ ఎర్త్‌లో ఓ రౌండ్ కొట్టి, ఎక్కడెక్కడ ఆగాలో రాసుకోండి. స్కూల్ నెట్‌ని మాత్రం అస్సలు నమ్మొద్దు, ఫొటోలూ వీడియో ముక్కలూ పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

క్లాసులో మొదట మ్యాప్‌లో మీ ఊరి నుంచి ములుగు జిల్లా దాకా జూమ్ చేసుకుంటూ వెళ్లండి, దారిలో ఏ ఊళ్లు వస్తున్నాయో పిల్లలే అరుస్తారు. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఈ రెండు ముక్కలు చెప్పేసి శిల్పాల దగ్గరికి వెళ్లిపోండి. ఒక మదనిక (గుడి మీద చెక్కిన స్త్రీ శిల్పం) ఫొటో పెద్దది చేసి "ఏం కనిపిస్తోంది?" అని అడిగి మీరు నోరు మూసుకోండి (మన టీచర్లకి ఇదే కష్టం).

అసలు మజా ఇటుకల దగ్గరుంది. ఆ గుడి శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. ఒక బకెట్ నీళ్లు, మామూలు ఇటుక తెప్పించి పిల్లల చేతే వేయించండి, అది బుడుంగుమని మునుగుతుంది, ఇక మరి అదెలా తేలింది సార్ అని వాళ్లే మీ వెంట పడతారు.

పీరియడ్ 40 నిమిషాలైతే స్క్రీన్‌కి 20 చాలు, మిగతాది బొమ్మలు గీయడానికీ ప్రశ్నలకీ వదిలేయండి.