బడ్జెట్ ముందు సిగరెట్, మందు షేర్లు: చేయి పెట్టేముందు చూసుకోవాల్సినవి

అలిపిరి తనిఖీలో జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి పక్కన పడేస్తారు. సంచిలో క్వార్టర్ సీసా దొరికితే ఇంకా పెద్ద గొడవ. ఫోన్‌లోని డీమ్యాట్ ఖాతాలో సిగరెట్ కంపెనీ షేర్లు వెయ్యి ఉన్నా అడిగే నాథుడుండడు. సంక్రాంతి అయిందంటే చాలు, మా తిరుపతిలో కొర్లగుంట నుంచి, ఎం.ఆర్.పల్లి నుంచి తెలిసినవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బడ్జెట్ వస్తాంది. ఐటీసీ పడితే కొనేద్దామా?" ఐటీసీ అంటే సిగరెట్ల పెద్ద కంపెనీ, బడ్జెట్లో పన్ను పెరిగితే దాని షేరు పడుతుందని వాళ్ల లెక్క. నేను షేర్ మార్కెట్‌ను అదుపులో పెట్టే సెబీ దగ్గర నమోదైన సలహాదారుణ్ణి కాను. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరై, ఇరవై ఏళ్లుగా సొంత డబ్బుతో కొని, అమ్మి, దెబ్బలు తిన్నవాణ్ణి. ఫోన్లో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇంట్లో తేల్చుకోండి. నీతులు చెప్పడానికి కాదు ఈ మాట. మనసులో అనుమానం పెట్టుకుని కొన్నవాడు షేరు కాస్త పడగానే "అందుకే వద్దనుకున్నా" అని నష్టానికి అమ్మేసుకుంటాడు. ఇది చాలాసార్లు చూశాను. మా ఇంట్లో ఆ పంచాయితీ ఒక్క మాటతో ముగిసింది. "మా నాయన బీడీలు తాగి, దగ్గి దగ్గి పోయినాడు. ఆ డబ్బుతో ఈ ఇంట్లోకి కూరాకు కూడా తేవద్దు" అనింది మా ఆవిడ. అంతే, పొగాకు షేర్లు మా ఇంటి గడప తొక్కలేదు. మా తమ్ముడి దారి వేరు. పొగాకు షేర్లు కొంటాడు, డివిడెండ్ పడిన నెలలో అందులో కొంత తీసుకెళ్లి హుండీలో వేసి వస్తాడు. ఇదేం లెక్కరా అంటే, "కుబేరుడికి వడ్డీ కడతాండే సామికి డబ్బు ఎక్కడినుంచి వస్తే ఏముందిలే" అంటాడు. వాడు మాత్రం నిద్ర చెడగొట్టుకోడు. అది కావాలి.

పూర్తిగా దూరంగా ఉంటామనేవాళ్లు ఒకటి గమనించాలి. నిఫ్టీ సూచీలోని యాభై కంపెనీల షేర్లూ కొనే ఇండెక్స్ ఫండ్‌లో సిప్, అంటే నెలనెలా వాయిదా, కడుతున్నారంటే ఐటీసీ మీ చేతిలో ఉన్నట్టే. పీఎఫ్ సొమ్ములో కొంత నిఫ్టీ, సెన్సెక్స్ ఈటీఎఫ్‌లకు, అంటే అలాంటి సూచీ ఫండ్లకే, పోతుంది. ఐటీసీ పెద్ద వాటాదారుల్లో ఎల్ఐసీ ఒకటి. పూజగదిలోని మంగళదీప్ అగరబత్తీ కూడా ఆ కంపెనీదే. మద్యం, పొగాకు, జూదం ఏవీ వద్దనుకుంటే ఇస్లాం నియమాల ప్రకారం కంపెనీలను ఏరే షరియా సూచీలు ఉన్నాయి, కాకపోతే వాటిలో వడ్డీ మీద బతికే బ్యాంకులు కూడా ఉండవు. నా గీత ఇది: ఫండ్‌లో కలిసి వచ్చింది పట్టించుకోను, చేతులారా మాత్రం కొనను. మీ గీత మీరు గీసుకోండి, కొనకముందే.

ఇక కొనేవాళ్ల సంగతి. ఈ వ్యాపారాల్లో అసలు భాగస్వామి ప్రభుత్వం. లాభంలో పెద్ద ముక్క దానిదే, కలం కూడా దాని చేతిలోనే. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్ల మీద మొత్తం పన్ను తగ్గినట్టయింది. షేరు లేచింది, అందరూ సంబరపడ్డారు. జూలై 17న జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని సెస్సు పెంచేసింది. మర్నాడు ఐటీసీ ఒక్కరోజులో 12 శాతానికి పైగా పడింది. ఇచ్చిన లడ్డూ పదిహేడు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లు ఆ షేరు కదలక, మెదలక, ఇంటర్నెట్‌లో నవ్వులాటైపోయింది. 2022, 2023లో లేచింది. ఓపిక పట్టినవాళ్లు గట్టెక్కారు, అప్పు చేసి కొన్నవాళ్లు అంతదాకా ఆగలేకపోయారు.

బడ్జెట్ వచ్చే ఫిబ్రవరి 1 ఒక్కటే గండం అనుకుంటే పొరపాటు. 2025 డిసెంబర్ 31 రాత్రి, ఊరంతా కొత్త సంవత్సరం కేకులు కోస్తుంటే, సిగరెట్ల మీద కొత్త ఎక్సైజ్ సుంకం నోటిఫికేషన్ వచ్చింది. ఫిబ్రవరి 1 నుంచి అమలు, దాని మీద 40 శాతం జీఎస్టీ. జనవరి 1న ఐటీసీ దాదాపు 10 శాతం పడింది, ఇంకో సిగరెట్ కంపెనీ గాడ్‌ఫ్రే ఫిలిప్స్ అంతకంటే ఎక్కువ. "స్టాప్‌లాస్ పెట్టుకున్నా కదా" అన్నారు కొందరు. అంటే షేరు ఇంతకు పడితే అమ్మేయమని ముందే పెట్టే ఆర్డరు. వార్త రాత్రి వస్తే పొద్దున 9.15కి షేరు కిందే తెరుచుకుంటుంది. మీరు 390 దగ్గర పెట్టిన స్టాప్‌లాస్ ఏ 370 దగ్గరో అమ్ముడవుతుంది, లేదా ఇంతకంటే తక్కువకు అమ్మొద్దనే లిమిట్ ఆర్డరైతే అమ్ముడే కాదు. ఈ రకం షేర్లలో స్టాప్‌లాస్ చిల్లుపడ్డ గొడుగు. గొడుగుని నమ్ముకోకుండా తక్కువ కొనడం ఒక్కటే దారి. నన్ను అడిగేవాళ్లకి చెప్పేది: మొత్తం పెట్టుబడిలో వందకు ఐదు రూపాయలు దాటనివ్వొద్దు, పొగాకు, మద్యం, జూదం మూడూ కలిపి.

మద్యం కథ ఇంకా చిక్కు. అది జీఎస్టీలో లేదు, ఎక్సైజ్ రాష్ట్రాల చేతిలో ఉంది. అంటే ఒక షేరు కొంటే పాతిక పైగా ప్రభుత్వాల మూడ్ కొన్నట్టు. మన రాష్ట్రమే చూడండి. దూబగుంట ఆడవాళ్ల పోరాటం తర్వాత సారా పోయింది, 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు ఎత్తేశారు. 2016లో బీహార్ మూసేసింది. 2019 అక్టోబర్‌లో ఇక్కడ షాపులన్నీ ప్రభుత్వ కార్పొరేషన్ కిందికి వచ్చాయి.

సరిగ్గా దానిముందు నేనొక మద్యం కంపెనీ షేరు కొన్నాను, పేరెందుకు. (పొగాకే కదా వద్దనింది, మందు సంగతి ఆవిడ ఎత్తలేదు అని నాకు నేను చెప్పుకున్నాను.) కారణం ఏమిటంటే, లీలామహల్ దగ్గర ఒక షాపు ముందు రోజూ సాయంత్రం క్యూ. ఇంత గిరాకీ ఉన్న వ్యాపారం పడదని తీర్మానించాను. షాపులు చేతులు మారాక క్యూ అలాగే ఉంది, ఇంకా పెరిగింది కూడా. కానీ అరల్లో పాత బ్రాండ్లు మాయమై, ఎప్పుడూ వినని పేర్లు కూర్చున్నాయి. పలమనేరు, కుప్పం వాళ్లు కర్ణాటక వైపు, నగరి, సత్యవేడు వాళ్లు తమిళనాడు వైపు చూశారు. క్యూలో నిలబడేది ఎవరి సీసా కోసమో చూడకుండా క్యూని చూసి కొన్నాను. తప్పు నాదే. 2024 అక్టోబర్‌లో లాటరీ తీసి 3,396 ప్రైవేటు షాపులిచ్చాక పాత సీసాలు మళ్లీ కనిపించాయి, అప్పటికి నేను అమ్మేసి చాలాకాలమైంది.

కాబట్టి మద్యం షేరు కొనేముందు వార్షిక నివేదికలో రెండు చూడండి. అమ్మకాల్లో ఎంత భాగం ఏ రాష్ట్రం నుంచి వస్తోంది, ఆ రాష్ట్రంలో ఎన్నికలెప్పుడు. రెండోది, రావాల్సిన బాకీలు, అంటే ట్రేడ్ రిసీవబుల్స్. సరుకు కొనేది ప్రభుత్వ కార్పొరేషనే అయినప్పుడు, ధర పెంచనిచ్చేది వాళ్లే, డబ్బు ఆలస్యం చేసేదీ వాళ్లే. 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ బాకీలు పేరుకుపోయాయని, ధర పెంచడం లేదని తెలంగాణకి బీరు సరఫరా ఆపేసింది, కొద్ది రోజుల తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. కింగ్‌ఫిషర్ అంతటి బ్రాండున్న కంపెనీకే ఆ గతి. అన్నట్టు, ఆ కంపెనీ ఒకప్పటి యజమాని విజయ్ మాల్యా దగ్గర మునిగింది మందు వ్యాపారం కాదు, విమానాలు. యజమాని వేరే వ్యాపారం కోసం షేర్లు తాకట్టు పెట్టాడా అన్నది మూడు నెలలకోసారి ఎక్స్చేంజ్ సైటులో వచ్చే వాటాదారుల పట్టికలో ఉంటుంది, అదీ ఒకసారి చూసుకోండి.

జూదం కంపెనీల గురించి ఎక్కువ రాయను. 2023 జూలై 11న ఆన్‌లైన్ ఆటల్లో పెట్టే మొత్తం సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ అన్నారు, మర్నాడు గోవా క్యాసినోల డెల్టా కార్ప్ ఒక్కరోజులో 20 శాతానికి పైగా పడింది. సెప్టెంబర్‌లో ఆ కంపెనీకి వచ్చిన పన్ను నోటీసులు వేల కోట్లలో ఉన్నాయి. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనే పార్లమెంటు నిషేధించింది. బిల్లు లోక్‌సభలో 20న పాసై, 22కల్లా రాష్ట్రపతి సంతకంతో చట్టమైంది. మూడు రోజుల్లో ఒక వ్యాపారం మొత్తం పోయింది. ఆటల కంపెనీ నజారా తాను పేకాట ఆడించే కంపెనీ కాదు, డబ్బు పెట్టి పేకాట ఆడించే పోకర్‌బాజీని నడిపే కంపెనీలో దానికి వాటా ఉండేది, అదే చాలింది షేరు పడడానికి. ఈ వరసలో కొంటే, పోయినా ఫరవాలేదనుకునే డబ్బే పెట్టండి, లేకపోతే అసలు వద్దు.

బడ్జెట్ వారానికి కొన్ని చిన్న మాటలు. ఎంటీఎఫ్, అంటే బ్రోకర్ అప్పుతో కొన్నవి, జనవరి నెలాఖరుకే వదిలించుకోండి. బడ్జెట్ రోజు ఆప్షన్లు ఆడి రెట్టింపు చేస్తామనే వాళ్లకి సెబీ లెక్క గుర్తుచేస్తున్నా: 2021-22 నుంచి 2023-24 దాకా ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్లు, ఆడిన చిన్న మదుపరుల్లో వందకు 93 మంది నష్టపోయారు. డివిడెండ్ శాతం ఎక్కువ కనిపిస్తోందని ఎగబడకండి, ధర పడినప్పుడు ఆ శాతం దానంతటదే లావుగా కనిపిస్తుంది. ఆ డివిడెండ్ మీ ఆదాయంలో కలిసి మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుందన్నదీ లెక్కలో వేసుకోండి. టెలిగ్రామ్ గ్రూపులో "సిగరెట్ పన్ను ఈసారి పెంచరు, లోపలి సమాచారం" అని వస్తే, అంత లోపలి సమాచారం ఉన్నవాడు మీకెందుకు చెప్తున్నాడో ఒక్క నిమిషం ఆలోచించండి.

పడ్డాక కొనాలనుకునేవాళ్లు కొనేదంతా ఒకేరోజు కొనకండి. పన్ను పెరిగాక కంపెనీ సిగరెట్ ధర ఎంత పెంచింది, అమ్మకాలు ఎంత తగ్గాయి, దొంగ సరుకు ఎంత పెరిగింది అన్నది తెలియడానికి రెండు త్రైమాసికాలు పడుతుంది. జనవరి 1న పడింది కదా అని ఆరోజే కొన్న మా వీధి కుర్రాడు రెండోరోజు మళ్లీ పడేసరికి నా ఇంటి ముందు బండాపి, "ఏంది సార్ ఇట్లయింది?" అని అడిగాడు. జవాబు నా దగ్గరా లేదు. టీ ఇచ్చి పంపాను.

నేనైతే బడ్జెట్ తర్వాత మూడు రోజులు ఏ ఆర్డరూ పెట్టను. మొదటిరోజు కొండకు పోతాను. క్యూలోకి వెళ్లేముందు ఫోన్ కౌంటర్లో అప్పజెప్పాలి కదా, దర్శనమై తిరిగొచ్చి తీసుకునేసరికి మార్కెట్ ఎలాగూ మూసేసి ఉంటుంది.