బ్యాటింగ్ ప్రాక్టీస్‌కి బంతులు వేసేవాళ్లకు ఒక మాట

బేస్‌బాల్ బ్యాటింగ్ ప్రాక్టీస్ అనగానే చాలామంది ప్లేట్ (బ్యాటర్ పక్కన నిలబడి కొట్టే హోమ్ బేస్) మధ్యలోకి మెత్తగా బంతులు వేస్తూ పోతారు, కొట్టేవాడికి సరదాగానే ఉంటుంది కానీ మ్యాచ్‌లో అలాంటి బంతి ఎవడు వేస్తాడు?

ముందు దూరం తగ్గించండి. మౌండ్ (పిచర్ నిలబడి బంతి వేసే దిబ్బ) నుంచి ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు, అంత దూరం నుంచి మనం నెమ్మదిగా వేస్తే బంతి పైకి లేచి దిగుతుంది, బ్యాటర్ టైమింగ్ పాడవుతుంది. ఎల్-స్క్రీన్ (వేసేవాడికి దెబ్బ తగలకుండా కాపాడే L ఆకారపు వల) ప్లేట్‌కి 35 అడుగుల దగ్గర పెట్టుకుని గంటకు 55 మైళ్ల వేగంతో తిన్నగా వేస్తే, బ్యాటర్‌కి దొరికే సమయం మౌండ్ నుంచి వచ్చే దాదాపు 85 మైళ్ల పిచ్‌కి దొరికినంతే. వేసిన వెంటనే తల స్క్రీన్ వెనక్కి లాగేయండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

ఇక అసలు సంగతి, ప్రతి రౌండ్‌కీ ఒక పరిస్థితి చెప్పి వేయండి. "రెండో బేస్‌లో రన్నర్, ఎవరూ అవుట్ కాలేదు" అంటే కుడివైపుకి గ్రౌండర్ (నేల మీద దొర్లే బంతి) కొట్టినా చాలు, రన్నర్ మూడో బేస్‌కి చేరాలి. "మూడో బేస్‌లో రన్నర్, ఒక అవుట్" అంటే అవుట్‌ఫీల్డ్‌లోకి (బేస్‌ల అవతలి మైదానం) లోతుగా ఒక ఫ్లై బాల్ (గాల్లోకి లేచే బంతి), దాన్ని క్యాచ్ పట్టినా రన్నర్ ప్లేట్‌కి పరిగెత్తి పరుగు తీయొచ్చు. రెండు స్ట్రైకులు పడ్డాయని (మూడోది పడితే బ్యాటర్ అవుట్) చెప్పి ప్లేట్ బయటి అంచున వేయండి, మధ్యలో చెప్పకుండా ఒక ఛేంజప్ (మామూలు కన్నా నెమ్మదిగా వచ్చే బంతి) వదలండి, చేతి వేగం మాత్రం మారకూడదు. కొన్ని కావాలనే స్ట్రైక్ జోన్ (బంతిని కొట్టకుండా వదిలేస్తే స్ట్రైక్ పడే ప్రాంతం) బయటికి వేయండి, వదిలేయడం కూడా ప్రాక్టీసే కదా.

రౌండ్‌కి ఆరేడు బంతులు చాలు, మొదటి రౌండ్ మాత్రం ఒళ్లు వేడెక్కడానికి మామూలుగానే వేసేయండి.