ఫీడ్ రీడర్‌తో బ్లాగులు చదవడం – మూడో పాఠం: అరుదుగా రాసేవాళ్లు ముందు వరుసలో

పోయిన పాఠంలో మీకు నచ్చిన పది పన్నెండు బ్లాగుల ఫీడ్ చిరునామాలు పట్టుకుని ఫీడ్ రీడర్‌లో, అంటే వాటి కొత్త టపాలను (పోస్టులను) ఒకేచోట తెచ్చి చూపించే సాధనంలో, చేర్చారు. వారం రోజులు దాని జోలికి వెళ్లొద్దన్నాను. ఇప్పుడు తెరవండి. ఒక పక్కన బ్లాగుల పేర్లు, ప్రతి పేరు పక్కనా ఒక అంకె, అన్నీ కలిపి పైన ఇంకో పెద్ద అంకె కనిపిస్తాయి. 140 కావచ్చు, 230 కావచ్చు. అవన్నీ మీరు చదవని టపాలు. చూడగానే టెన్షన్ మొదలవుతుంది. నాకు తెలిసినవాళ్లలో ఫీడ్ రీడర్ వదిలేసినవాళ్లు చాలావరకు ఈ అంకె దగ్గరే వదిలేశారు. అందుకే ఈ పాఠమంతా దాని గురించే.

ముందు ఆ అంకె ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. ఫీడ్ అంటే బ్లాగు తన తాజా టపాలను పెట్టి ఉంచే ఒక ఫైలు. బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగు మార్చకపోతే ఆ ఫైలులో చివరి 10 టపాలుంటాయి. రీడర్ కొంతసేపటికోసారి వెళ్లి ఆ ఫైలు తెచ్చుకుంటుంది. ప్రతి టపాకూ ఒక గుర్తింపు ఉంటుంది. ఆర్‌ఎస్‌ఎస్, ఆటమ్ అనేవి ఫీడ్ రాసే రెండు పద్ధతులు; ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లో దాన్ని జీయూఐడీ అంటారు, ఆటమ్ ఫీడ్‌లో ఐడీ. ఇంతకుముందు చూడని గుర్తింపు కనబడితే రీడర్ ఆ టపాను చదవనివాటిలో వేస్తుంది. జరిగేది ఇంతే. ఇవి మీ పేరున వచ్చిన ఉత్తరాలు కావు. జవాబు కోసం ఎవరూ ఎదురు చూడటం లేదు.

ఒక్కోసారి ఎప్పుడో చదివేసిన పాత టపాలు గుంపుగా మళ్లీ కొత్తవిగా ప్రత్యక్షమవుతాయి. బ్లాగు కొత్త చిరునామాకు మారినప్పుడు గుర్తింపులు కూడా మారిపోవడం వల్ల ఇలా జరుగుతుంది. మీ వైపు తప్పేమీ లేదు, అన్నీ చదివినట్టు గుర్తు పెట్టేసి ముందుకెళ్లండి.

ఇక అసలు పని. చాలామంది బ్లాగులను విషయాన్నిబట్టి ఫోల్డర్లలో సర్దుతారు: సాహిత్యం, సాంకేతికం, సినిమా. నేనూ చాలాకాలం అలాగే చేశాను. దాంతో వచ్చే ఇబ్బంది ఒకటుంది. రోజుకు పదిహేను టపాలు వేసే సైటూ, రెండు నెలలకోసారి ఒక మంచి వ్యాసం రాసే మనిషీ ఒకే ఫోల్డర్‌లో పడతారు. ఆ వ్యాసం వందో టపాగా అడుగుకు వెళ్లిపోతుంది. మనం ఎవరికోసమైతే రీడర్ పెట్టుకున్నామో వాళ్లే మనకు కనబడకుండా పోతారు. రోజూ రాసే సైటుకు రీడర్ లేకపోయినా ఇబ్బంది లేదు, ఎప్పుడు వెళ్లినా అక్కడ కొత్తది ఉంటుంది. అరుదుగా రాసేవాళ్ల దగ్గరకు మనం ఎన్నిసార్లు వెళ్లి ఉత్త చేతులతో తిరిగి రాగలం? నేను చదివే ఒకాయన పద్నాలుగు నెలలు ఏమీ రాయలేదు. ఆయన బ్లాగు సంగతే మర్చిపోయాను. ఒక ఉదయం రీడర్‌లో ఆయన పేరు పక్కన 1 అని కనబడింది. నేను మర్చిపోయిన ఆ పద్నాలుగు నెలలూ రీడర్ మాత్రం వెళ్లి చూసి వస్తూనే ఉంది.

కాబట్టి ఫోల్డర్లను ఎంత తరచుగా రాస్తారన్నదాన్నిబట్టి చేయండి. ఒక్కో బ్లాగు తెరిచి చివరి ఐదు టపాల తేదీలు చూడండి. నెలకు రెండుకన్నా తక్కువైతే మొదటి ఫోల్డర్: ‘1 అరుదు’. వారానికి ఒకటో రెండో అయితే ‘2 వారం’. అంతకు మించితే ‘3 రోజూ’. పేరు ముందు అంకె ఎందుకంటే కొన్ని రీడర్లు ఫోల్డర్లను అక్షరక్రమంలో చూపిస్తాయి; అంకె ఉంటే అరుదైనవాళ్లు పైనే ఉంటారు.

చదివేటప్పుడూ ఇదే వరుస. మొదటి ఫోల్డర్‌లో ప్రతి టపా పూర్తిగా చదవండి, ‘అన్నీ చదివినట్టే’ అనే బటన్ అక్కడ ఎప్పుడూ నొక్కొద్దు. రెండో ఫోల్డర్‌లో శీర్షికలు చూసి ఎంచుకోండి. మూడోదానిమీద ఒకసారి కళ్లు పరిగెత్తించి, మిగిలినవన్నీ ఆ బటన్‌తో ఖాళీ చేసేయండి. వాటిలో ఏదో పోతుందన్న బెంగ అక్కర్లేదు. కంప్యూటర్‌లో చదివేవాళ్లు ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటి రీడర్లలో ‘జె’ నొక్కితే తర్వాతి టపాకు, ‘కె’ నొక్కితే ముందుదానికి వెళ్లొచ్చు. మౌస్ ముట్టుకోకుండా యాభై శీర్షికలు ఇట్టే చూసేస్తారు.

థండర్‌బర్డ్ లాంటి, సొంత కంప్యూటర్‌లోనే నడిచే రీడర్ వాడేవాళ్లకు ఒక మాట. అది తెరిచి ఉన్నప్పుడే ఫీడ్లు తెచ్చుకుంటుంది. వారం మూసి ఉంచితే, ఆలోగా 30 టపాలు వేసిన బ్లాగు ఫీడ్‌లో చివరి 10 మాత్రమే మిగిలి ఉండొచ్చు, ముందువి మీకు అందవు. అరుదుగా రాసేవాళ్ల విషయంలో ఈ నష్టం ఉండదు.

మొదటి ఫోల్డర్‌కు వేరే ప్రమాదం ఉంది: రాయక మౌనంగా ఉన్న బ్లాగూ, ఫీడ్ పాడైన బ్లాగూ రీడర్‌లో ఒకేలా కనబడతాయి. రెండు మూడు నెలలకోసారి ఆ ఫోల్డర్‌లో ఉన్నవాటిని బ్రౌజర్‌లో తెరిచి చూడండి. అక్కడ కొత్త టపా ఉండి రీడర్‌లో లేకపోతే ఫీడ్ చిరునామా మారిందని అనుమానించి, రెండో పాఠంలో చెప్పినట్టు మళ్లీ వెతికి చేర్చండి. రీడర్ 404 అని చూపిస్తే ఆ చిరునామాలో ఫైలు లేదని అర్థం. 304 కనిపిస్తే కంగారు పడొద్దు, పోయినసారి చూసినప్పటినుంచి ఏ మార్పూ లేదని మాత్రమే అది చెబుతుంది.

ఈ వారం అభ్యాసం: మీ బ్లాగులన్నిటినీ మూడు ఫోల్డర్లలోకి మార్చండి. మూడో ఫోల్డర్‌లో వారమంతా ఒక్క టపా కూడా తెరవని బ్లాగు ఏదో చూసి, దాన్ని తీసేయండి. మొదటి ఫోల్డర్‌లో కనీసం మూడు పేర్లు లేకపోతే, మీరు ఇష్టంగా చదివి తర్వాత మర్చిపోయిన బ్లాగులను గుర్తు చేసుకుని చేర్చండి.

2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడినప్పుడు, తమ జాబితాను ముందే ఫైలుగా తీసి పెట్టుకున్నవాళ్లు దాన్ని వేరే రీడర్‌లోకి తీసుకెళ్లగలిగారు. ఆ రకం ఫైలును ఓపీఎంఎల్ అంటారు. దాన్ని ఎలా తీయాలో, ఎక్కడ దాచాలో నాలుగో పాఠంలో చేద్దాం.